సామెత చెప్పని ఎదురీత

భాద్రపదము గడచి గోదావరి యెఱ్ఱనీరు తేటపడుటతో పులసల వేట ముగింపునకు వచ్చును. సముద్రమున ఇలస, పాశ్చాత్యుల సామన్ వలె గ్రుడ్లు పెట్టుటకై వరద కెదురీదినపుడు పులస. "పుస్తెలు అమ్మైనా పులస తినాలి" అను సామెత చమత్కారము నిర్వివాదము. దృష్టి మాత్రము సంకుచితము. అందు తినువాడున్నాడు. వల వేసిన జాలరి లేడు. పుస్తెలు కోల్పోవు ఇల్లాలి మాట లేదు. చేప చేసిన ప్రయాణమును లేదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. ఆ చేప దారికి అడ్డు నిలిచినది. ఈ రెండును ఒక్క నిజమే. రుచిని కీర్తించుటకు సామెత చాలును. దాని మూల్యము చెల్లించినవారిని చూపుటకు కథ కావలెను, కావ్యము కావలెను. వలలు ఆరవేసిన యొడ్డున రచయితకు పని అప్పుడే మొదలగును.