ప్రదర్శనశాలలలో నమరావతీశిల్పము

ప్రదర్శనమనఁగా వస్తువులను వరుసగా నిలిపి చూపుట మాత్రమే కాదు. ఏ వస్తువు దేని ప్రక్కను, ఎంత యెత్తున, ఏ వెలుఁగున, ఏ ముఖము కనఁబడునట్లు నిలుపఁబడెనో దానినిబట్టియే చూపఱకు దాని యర్థము గోచరించును. కావున ప్రదర్శన మొకవిధమగు వ్యాఖ్యానము. మూలమెఱుఁగని వ్యాఖ్య కావ్యమును చెఱుచునట్లే, స్థానమెఱుఁగని ప్రదర్శనము శిల్పమును చెఱుచును. అమరావతీశిల్పముల చరిత్ర యిందులకు నిదర్శనము.

అమరావతీ మహాచైత్యము వర్తులాకారమైనది. దానిం జుట్టి సుమారు 190 అడుగుల వ్యాసముగల శిలావేదిక యుండెను. చైత్యమునకును వేదికకును నడుమ ప్రదక్షిణపథము. చైత్యము తన కుడిప్రక్క నుండునట్లు నడచు భక్తుఁడు ఒకవంక నధిష్ఠానఫలకములను, వేఱొకవంక వేదిక లోపలిముఖమునందలి కథలను గాంచెడివాఁడు. వెలుపలిముఖమున వికసితపద్మములు ప్రధానముగా నుండెను. ఈశిల్పము నిలిచి చూచుటకుఁ గాక నడచుచుఁ జూచుటకై యేర్పడినది. నడకయే దానికిఁ బఠనము.

ఆ రచన చెదరిపోయినది. 18వ శతాబ్ది చివర మెకంజీ దొర యచ్చటికి వచ్చునప్పటికే చైత్యపుఱాళ్లు క్రొత్తకట్టడములకుఁ బోవుచుండెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన ఫలకములు మదరాసు చేరెను; 1859లో 120కిఁ బైగా శిల్పఖండములు లండనునకుఁ బంపఁబడెను. అచ్చట నవి యొక బండ్లసాలలోఁ బడియుండఁగా 1867 ప్రాంతమున ఫెర్గూసన్ పండితుఁడు కనుఁగొనెను. 1880లో నవి బ్రిటిష్ మ్యూజియమునకుఁ జేరెను.

మదరాసు ప్రదర్శనశాలలో 19వ శతాబ్ది చివర ఫలకములను గోడలలో సిమెంటుతోఁ బొదిగిరి. ఱాళ్లు పడిపోకుండుట కది యుపాయమే. కాని యందువలన ద్విముఖశిల్ప మేకముఖమయ్యెను. వర్తులము సరళరేఖ యయ్యెను. పలనాటి సున్నపుఱాయి మెత్తనిది. తేమకును ఉప్పునకును పొరలుగా నూడును. గోడలోఁ గూర్చినప్పు డాభయ మధికము. బ్రిటిష్ మ్యూజియము 1992లో నీశిల్పములకై గాజుతెరలతోఁ బ్రత్యేకశాల నేర్పఱచి తేమను నియమించినది. గాజు చూపఱకును శిల్పమునకును నడుమ నడ్డుగోడ యనువా రుందురు. అయినను శిల్పమే నశించినచోఁ జూపెడి దేమి? రక్షణము ప్రథమధర్మము. అంతమాత్రమునఁ బ్రదర్శనధర్మము తీఱదు.

లండనునందలి యొక ఫలకమే దీనికి సాక్షి. దాని యొకముఖమున బోధివృక్షము క్రింద శూన్యాసనమును భక్తులు సేవించుచున్నారు. ఇది క్రీస్తునకుఁ బూర్వపుఁ బని. కొన్ని శతాబ్దులు గడచిన పిమ్మట శిల్పులు ఱాతిని మరలించి, రెండవముఖమున వేదికతోఁ గూడిన చైత్యమును చెక్కిరి. ఒక్క ఱాతియం దిరుముఖముల రెండు యుగములు! దీనిని గోడ కానించి నిలిపినచో నొకయుగము మఱుఁగుపడును.

స్థానము తెలిపినను, చదువురీతి తెలుపకున్న ఫలితము కొఱఁతయే. మదరాసునందలి నాళాగిరి పతకమున మదగజము రెండుమాఱులు కనఁబడును. ఒకచోట జనులను త్రొక్కుచున్నది. వేఱొకచోట బుద్ధుని పాదములకు మ్రొక్కుచున్నది. రెండేనుఁగులు గావు, ఒక్కటియే, రెండు క్షణములు. “వర్తులశిల్పము, సున్నపుఱాయి” అని మాత్రము వ్రాసిన పరిచయపత్రిక బాలున కీరహస్యమును తెలుపఁజాలదు.

అమరావతీ ఱాతిముక్కపై “నాగబు” అను నొక్కపదము మాత్రము మిగులఁగా, దానిం గుఱించి యెంత చర్చ జరిగెనో పండితులెఱుఁగుదురు. వాక్యము పోయిన పదమున కేయవస్థయో, చైత్యము పోయిన ఫలకమునకు నదియే యవస్థ. చైత్యమును మరల నిలుపుట దుస్సాధ్యము. దాని యన్వయమును చూపుట సుసాధ్యమే. మెకంజీ వ్రాయించిన పటములు కలవు. చైత్యమునే చిత్రించిన ఫలకములును గలవు. వానిం బట్టి ప్రతిఖండము ప్రక్కను, చైత్యమునం దది యెచ్చట నుండెనో తెలిసినంతవఱకు రేఖాపటమునఁ జూపవలెను. పరిచయపత్రికలో మొదట వ్రాయఁదగినది కాలము గాదు, స్థానము. అట్లు చేసిన శాలలో గోడలు తిన్ననివైనను చూపఱి మనస్సు ప్రదక్షిణము చేయును.