డబ్బా మీద పేరు, చేతిలో వెలుగు

గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో సేద్యం పగటితో తెమిలేది కాదు. సాగర్ కుడి కాలువ నీళ్లు మన వంతుకు అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రే లేచి మడవ తిప్పుకోవాలి. వ్యవసాయానికి కరెంటు రెండు విడతలుగా ఇచ్చిన ఏళ్లలో ఒక విడత మంచి నిద్రవేళే వచ్చేది. మిరపకాయ కళ్లంలో ఉన్నన్నాళ్లూ ఇంటికొక మనిషి అక్కడే పడుకుంటాడు. మంచు పడితే పట్టా కప్పాలి, మబ్బు పడితే కాయను కుప్ప చేయాలి, దొంగలు రాకుండా చూసుకోవాలి. పొగాకు లద్దెపురుగు పగలు మట్టిపెళ్లల కింద దాక్కుని, చీకటి పడ్డాకే ఆకు మేయడానికి పైకొస్తుంది. దాన్ని కళ్లారా చూడాలన్నా రాత్రే వెళ్లాలి. గట్టు మీద కట్లపాము తిరిగేదీ ఆ వేళకే. ఇన్నింటికీ రైతు చేతిలో ఉండే పనిముట్టు ఒక్కటే, బ్యాటరీ లైటు. విత్తనాల మీద, ఎరువుల మీద, పురుగుమందుల మీద తెలుగులో పుస్తకాలకు కొదవలేదు. బ్యాటరీ లైటు మీద, అదీ ఎవరికీ పెద్దగా తెలియని తయారీదారుల లైట్ల మీద, పుస్తకం నా కంటపడటం మాత్రం ఇదే మొదలు.

ఈ రచయిత ఇంటర్మీడియెట్‌లో నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకున్నాడు. ఇప్పుడు పత్తీ మిరపా వేసే రైతు. పేరున్న కంపెనీల లైట్లతో పాటు, మన షాపుల్లో ఎవరూ అడగని చిన్న కంపెనీల లైట్లనూ తెప్పించి, విప్పి చూసి, పొలంలో వాడి, రాసుకున్న నోట్సే ఈ పుస్తకమైంది. ముందుమాట అడగడానికి వచ్చినప్పుడు “మొహమాటం లేకుండా రాయండి మాస్టారూ” అన్నాడు. ఆ మాట పట్టుకునే రాస్తున్నాను.

మన ఊళ్లలో చాలాకాలం బ్యాటరీ అంటే ఎవరెడీయే. అప్పట్లో అది యూనియన్ కార్బైడ్ వారి సరుకు. అలహాబాదు నుంచి వచ్చే జీప్ టార్చి రెండో పేరు. 1972లో మొదలైన ఇండో నేషనల్ కంపెనీ, జపాను మాట్సుషితా సహకారంతో, మన పక్కనున్న నెల్లూరులో నిప్పో సెల్లు తయారుచేసింది. కొత్త పేరని తటపటాయించినవాళ్లను నేనెరుగుదును. తరవాత్తరవాత ఆ ఇళ్లలోనే రేడియోకూ టార్చికీ నిప్పోలే పడ్డాయి. ఈ చరిత్రను రచయిత రెండు పేజీల్లో ముగించాడు గానీ, పుస్తకానికంతటికీ పునాది అక్కడే ఉంది. ఇవాళ అందరి నోటా నానే పేరు కూడా ఒకప్పుడు ఎవరూ ఎరగనిదే. అందుకని పేరు తెలియకపోవడం సరుకు లోపం కాదు, తెలియడం పూచీ కూడా కాదు.

విత్తనం సంచి మీద బొమ్మను నమ్మి నష్టపోయిన జిల్లాలు మనవి. ఆ దెబ్బతో జాగ్రత్తపడ్డ రైతు ఇప్పుడు తడిగుడ్డలో వంద గింజలు చుట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టుకున్నాకే అచ్చులో వేస్తున్నాడు. అదే రైతు లైటు కొనేటప్పుడు మాత్రం డబ్బా మీద అంకె ఎంతుంటే అంతా నిజమనుకుంటాడు. లైటుకూ మొలక పరీక్ష ఉంటుందని, అది ఇంట్లోనే చేసుకోవచ్చని చెప్పడమే ఈ పుస్తకం చేసిన అసలు మేలు.

సెల్లు సంగతే చూడండి. ఇప్పటి మంచి లైట్లలో ఎక్కువగా పడేది 18650 అనే లిథియం సెల్లు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఇంత కొలతలో ఎంత పేరున్న కంపెనీ చేసినా 3500 మిల్లీ ఆంపియర్ అవర్లకు అటూ ఇటూగానే పడుతుంది. బజారులో మాత్రం 9900 అని అచ్చేసినవి దొరుకుతాయి. రచయిత వాటిని కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాడు. అసలు సెల్లు 45 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. 9900 రాసుకున్నది చాలా తేలిగ్గా తేలింది. పైన అంకె పెరిగేకొద్దీ లోపల సరుకు తగ్గిందన్నమాట. మిరపకాయ తూకంలో వంద గ్రాముల తేడాను పట్టేసే మనకు ఈ పరీక్ష నేర్పాల్సిన పని లేదు, గుర్తుచేస్తే చాలు.

ల్యూమెన్ల లెక్కా అంతే. మంచి 18650 సెల్లులో ఉండే శక్తి సుమారు 12 వాట్ అవర్లు. ఎల్ఈడీ వాటుకు వంద ల్యూమెన్లిస్తుందనుకుంటే, వెయ్యి ల్యూమెన్ల వెలుగు గంటా పది నిమిషాలు వస్తుంది. డబ్బా మీద లక్ష ల్యూమెన్లని ఉంటే అది వెయ్యి వాట్లు తాగాలి. ఆ లెక్కన సెల్లు ముప్పావు నిమిషంలో అయిపోతుంది, ఈలోగా లైటు చేతిలో పట్టుకోలేనంత కాలిపోతుంది. ఇంత గుణకారం చేయగలిగిన పదో తరగతి పిల్లవాడు ఇంట్లో ఉంటే ఆ డబ్బా కొనే పనే ఉండదు.

నాకు అన్నిటికంటే నచ్చినది రంగు మీద అధ్యాయం. 1993లో జపానులో నిచియా కంపెనీలో పనిచేస్తున్న షూజీ నకమురా బాగా వెలిగే నీలి ఎల్ఈడీని సాధించాడు. ఆ రంగంలో కృషికి 2014లో ఆయనకూ అకసాకి, అమానోలకూ నోబెల్ వచ్చింది. మనం తెల్ల ఎల్ఈడీ అంటున్నది లోపల ఆ నీలి ఎల్ఈడీయే. దాని మీద పసుపుపచ్చ వెలుగునిచ్చే పూత ఉంటుంది. నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. చవకరకం పూతలో ముదురు ఎరుపు దాదాపు ఉండదు. లైటులోనే ఎరుపు లేకపోతే మిరపకాయ తిప్పి పంపడానికి ఏముంది?

పుస్తకంలో చెప్పినట్టే నేనూ చేసి చూశాను. గుప్పెడు తేజ కాయలు, గుప్పెడు తాలు కలిపి పట్టా మీద పోసి, పక్కపక్కనే రెండు లైట్లు వేశాను. కళ్లు చెదిరే చవక తెల్ల లైటు కింద కుప్పంతా ఒకే ఇటుకపొడి రంగులో కనబడింది. లేత మచ్చ పడ్డ కాయ ఏదో, మంచి కాయ ఏదో వేలితో తిప్పి చూస్తే గానీ తెలియలేదు. ఎరుపును బాగా చూపే నిచియా ఎల్ఈడీ ఉన్న చిన్న లైటు వేయగానే తాలంతా పాలిపోయి విడిగా తేలింది. రంగును నిజంగా చూపే గుణానికి నూరు మార్కుల కొలమానం ఉంది. సూర్యుడికి వంద, చవక ఎల్ఈడీకి డెబ్బై, మంచిదానికి తొంభై పైన. ముదురు ఎరుపుకు ఆర్9 అని విడిగా మరో అంకె ఉంది, మనలాంటివాళ్లు చూడాల్సింది దాన్ని. మసకగా ఉంటుందని మనం పారేసిన పాత ఫిలమెంటు బల్బు ఈ పరీక్షలో దాదాపు నూటికి నూరు తెచ్చుకుంటుంది. యార్డుకు టిక్కీలు ఎత్తే ముందు తెల్లవారుజామున కాయ చూసుకునే రైతుకు ఇది డబ్బుతో ముడిపడ్డ విషయం.

ఇలాంటి లైట్లు చేసేవాళ్లు ఎవరని అడిగితే రచయిత చెప్పే పేర్లు మన కొట్లలో వినబడవు: కాన్వాయ్, సోఫిర్న్, వుర్కోస్. అన్నీ చైనా కంపెనీలే. పెద్ద ప్రకటనలు లేవు, సినిమా తారలు లేరు. కాన్వాయ్ ఎస్2 ప్లస్ అనేది బొటనవేలి కంటే కాస్త లావుండే అల్యూమినియం గొట్టం, ఒక్క 18650 పడుతుంది. అందులో ఏ ఎల్ఈడీ ఉందో తయారీదారే రాసిస్తాడు, కావలసినది ఎంచుకోనిస్తాడు. మరలు తిప్పి విప్పితే లోపలి భాగాలు విడిగా బయటికొస్తాయి, చెడినదాన్ని మార్చుకోవచ్చు. తన సరుకులో ఏముందో దాచుకోనివాణ్ని నమ్మవచ్చునన్నది రచయిత సూత్రం. నాకూ సమ్మతమే. చైనా సరుకంటే నాసిరకమనే మాట మన నోట ఊరికే వస్తుంది. పైన చెప్పిన 9900 సెల్లూ, ఈ నికార్సైన గొట్టమూ ఒకే దేశం నుంచి రావచ్చునని తెలిశాక ఆ మాట అంత తేలిగ్గా అనలేం.

దూరం, సమయం గురించిన అధ్యాయాన్ని తొందరపడకుండా చదవాలి. 2009లో అమెరికాలో వచ్చిన ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం, డబ్బా మీద 200 మీటర్లని ఉంటే, అంత దూరాన పడే వెలుగు 0.25 లక్స్, అంటే పౌర్ణమి వెన్నెలంత. ఆ వెలుగులో అడవిపంది ఉన్నట్టు అనుమానం వస్తుందే గానీ పందేనని తేల్చుకోలేం. సగం దూరంలో వెలుగు నాలుగింతలవుతుంది, కాబట్టి అంకెను సగం చేసి నమ్మమంటాడు రచయిత. సమయం లెక్క ఇంకా గడుసుది. మొదటి వెలుగులో పదోవంతుకు పడిపోయేదాకా ఎంతసేపు పడితే అదంతా కలుస్తుంది. ఎనిమిది గంటలని రాసినదాంట్లో చివరి ఆరు గంటలూ దీపం బుడ్డి వెలుగే కావచ్చు. గట్టు మీద నడవడానికి వెడల్పుగా పడే వెలుగు, చేను చివర చూడటానికి దూరం పోయే వెలుగు, రెండూ ఒక్క లైటులో అడగవద్దని అతను చెప్పిన మాట కూడా గుర్తుంచుకోదగ్గది.

ఇక నా అభ్యంతరాలు. రెండు సెల్లుల పాత టార్చిని రచయిత మరీ తీసిపారేశాడు. దర్శి అవతల ఏ పల్లె కొట్టుకు వెళ్లినా లావు సెల్లు దొరుకుతుంది, 18650 దొరకదు. మోటారు పాకలో నెలల తరబడి పడేసినా మామూలు సెల్లు ఎంతో కొంత వెలుగుతుంది. ఛార్జింగ్ లైట్లలోని సీసపు బ్యాటరీలా పూర్తిగా దిగిపోయి చచ్చిపోదు. రెండోది, లిథియం సెల్లు ప్రమాదాల మీద ఒక పేజీ సరిపోదు. విడి సెల్లు తాళంచెవులతో కలిపి జేబులో వేసుకుంటే షార్టయి మంట రావచ్చు. 4.2 వోల్టుల దగ్గర ఆగని ఛార్జరు పెట్టకూడదు, పై పొర చిరిగినదాన్ని వాడకూడదు. పిల్లలున్న ఇళ్లకు వెళ్లే పుస్తకం కాబట్టి వచ్చే ముద్రణలో ఈ అధ్యాయం పెంచాలి. ధరలు తీసేసినా నష్టం లేదు, అవి ఏడాదికే పాతబడతాయి.

ఇవి పెద్దవాడి చాదస్తాలనుకున్నా సరే. చదివినవాళ్లంతా ఈ పేర్లున్న లైట్లే కొనాలని రచయితా అనడు, నేనూ అనను. కొట్లో నిలబడి నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. లోపల ఏ సెల్లు? ఏ ఎల్ఈడీ? ఈ వెలుగు ఎంతసేపు నిలుస్తుంది? చెడితే విప్పి బాగుచేయవచ్చా? వీటికి జవాబు చెప్పగల కొట్టు చిలకలూరిపేటలోనో, మార్టూరులోనో, అద్దంకిలోనో ఒక్కటి వెలిసినా ఈ పుస్తకానికి పెట్టిన ఖర్చు గిట్టినట్టే. నా శిష్యుడు ఇలాగే మరిన్ని వస్తువులను విప్పి చూసి రాయాలని, స్ప్రేయరు పంపు మీద పుస్తకం తరవాత రావాలని కోరుతూ, ఆశీస్సులతో.