బావ చేతికి అందేలా

ఆదివారం సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పూల్ పార్లర్‌లో మా బావా నేనూ జోడీగా ఆడతాం. బావది ఎడమచేతి వాటం, మనిషి కాస్త పొట్టి. అక్క పెళ్లినాటి నుంచీ చూస్తున్నవే ఇవి. కానీ దెబ్బకొకరం చొప్పున ఆడటం మొదలుపెట్టాకే ఈ రెండింటి సంగతీ నాకు తెలిసొచ్చింది.

క్యారమ్స్ డబుల్స్‌లో కాయిన్ పడితే కొట్టినవాడే మళ్లీ కొడతాడు. ఎదురుగా కూర్చున్న వాడి జోడీ పౌడరు చల్లుతూ కాలక్షేపం చెయ్యొచ్చు. దెబ్బకొకరు ఆడే పూల్‌లో ఆ సుఖం లేదు. బంతి పాకెట్లో పడ్డా స్టిక్ పట్టుకుని పక్కకు తప్పుకోవాల్సిందే, తర్వాతి దెబ్బ జోడీది. దీన్ని స్కాచ్ డబుల్స్ అంటారు. ఈ పద్ధతికి ప్రపంచంలో పెద్ద వేదిక వరల్డ్ కప్ ఆఫ్ పూల్. 2006లో వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో మొదలైంది. మామూలుగా 32 జట్లు, జట్టుకు ఇద్దరు, ఒక్కసారి ఓడితే ఇంటికే. ఆడేది నైన్‌బాల్. బల్ల మీద ఉన్నవాటిలో అతి చిన్న నంబరు బంతినే తెల్లబంతి ముందు తాకాలి. తొమ్మిదో నంబరును పాకెట్లో వేసినవాళ్లదే ఆ ర్యాక్.

ఒంటరిగా ఆడేవాడు ఈ బంతి పడేయడం గురించి కన్నా, పడేశాక తెల్లబంతి ఎక్కడ ఆగాలన్న దాని గురించే ఎక్కువ ఆలోచిస్తాడు. తన చేతికి ఎటు హాయో, తన స్టిక్‌కు ఎంత స్పిన్ వస్తుందో తనకు తెలుసు. జోడీలో ఆ తెలివిలో సగం పనికిరాదు.

ఒకరోజు మూడో నంబరును పడేసి, తెల్లబంతిని బల్లకు నడిమధ్యన, ఎడమ పక్క పొడుగు కుషన్‌కు జానెడు దూరంలో ఆపాను. నాలుగో నంబరు అదే వరసలో అవతలి మూల పాకెట్ ముందు నిలిచి ఉంది. నేనైతే బల్ల బయట నిలబడి, కాస్త వంగి, తిన్నగా కొట్టేసే దెబ్బ. మనసులోనే శభాష్ అనుకున్నాను. బావ వచ్చి చూసి, "ఎవరి కోసం ఆపావయ్యా దీన్ని?" అన్నాడు. కుడిచేతి వాడి ఒళ్లు స్టిక్‌కు ఎడమ పక్కన ఉంటుంది, ఎడమచేతి వాడిది కుడి పక్కన. ఆయన ఒళ్లు ఉండాల్సిన చోట బల్ల ఉంది! అవతలి వైపు నుంచి సగం మనిషి బల్ల మీద పడుకుని చేయి చాచాడు. ఒక కాలైనా నేలను తాకి ఉండకపోతే ఫౌల్. చెప్పు ఊడింది, బొటనవేలు మాత్రం నేలకు ఆనింది. బంతి పడలేదు. ఇంటికొచ్చేదాకా ఆయన ఆ మాటే ఎత్తలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటి నుంచీ పెద్దవాళ్ల ఆట వేరే కళ్లతో చూస్తున్నాను. తొలి కప్పు గెలిచింది ఫిలిప్పీన్స్ జోడీ ఎఫ్రెన్ రేయస్, ఫ్రాన్సిస్కో బుస్తమంతే. చిన్నప్పుడు మనీలాలో బంధువుల పూల్ హాల్లో పనిచేస్తూ, రాత్రిళ్లు బల్ల మీదే నిద్రపోయిన మనిషి రేయస్. ఫైనల్లో ఎదురుగా ఉన్నవాళ్లూ ఆషామాషీ వాళ్లు కాదు. అమెరికా తరఫున ఎర్ల్ స్ట్రిక్‌లాండ్, రోడ్నీ మోరిస్. అయినా 13-5. బుస్తమంతే బ్రేక్, అంటే ఆట మొదలెట్టే దెబ్బ, పిడుగులాంటిది. దారి మూసుకుపోయిన బంతిని కుషన్లకు తగిలించి చేరుకోవడంలో రేయస్ మాయలమారి. ఒకరు చెదరగొట్టిన బల్లను రెండోవాడు చదివి పెట్టడం అంటే ఇదీ. 2009లో సొంతగడ్డ మీద, కెజోన్ సిటీలోని ఒక షాపింగ్ మాల్లో, మళ్లీ గెలిచారు.

ఆస్ట్రియా జోడీ ఆల్బిన్ ఔషన్, మారియో హీ 2017లోనూ 2019లోనూ కప్పు పట్టుకెళ్లారు. అదే ఇద్దరు, అదే జోడీ. నాకేమో ఇద్దరు మొనగాళ్లను ఏరి తెచ్చి కలిపితే జోడీ అయిపోతుందంటే నమ్మకం లేదు. సెలెక్టర్లెవరూ నన్ను అడగలేదనుకోండి. ఒంటరి ఆటలో వరసగా కొడుతుంటే చేతికి ఒక ఊపు వస్తుంది. ఇక్కడ ప్రతి దెబ్బకూ ఆ ఊపు తెగుతుంది. కుదురుగా నిలబడి, రెండోవాడి దెబ్బను తన దెబ్బలాగే చూస్తూ ఉండాలి. ఎక్కడ ఆపమంటావని అడగొచ్చు, మాట్లాడుకోవచ్చు. అక్కడే చిక్కు కూడా. మరీ ఎక్కువ మాట్లాడుకునే జోడీలు వంగాక మళ్లీ లేచి, మళ్లీ చాక్ రాసుకుని, చివరికి అనుమానంతోనే కొడతాయి.

మేము మా పార్లర్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను వంగకముందే బావ ఖాళీగా ఉన్న చోట బల్ల అంచు మీద వేలు ఆనిస్తాడు, తెల్లబంతి అక్కడికి రావాలి. పదిలో నాలుగుసార్లు వస్తోంది. నేను మాత్రం ఎక్కడా వేలు పెట్టను, నాకు ఎక్కడైనా ఫర్వాలేదని ఒకసారి గొప్పగా చెప్పాను కదా.

పోయిన ఆదివారం చివరి ర్యాక్. ఎనిమిదో నంబరు పడేసి బావ తెల్లబంతిని నా కుడిచేతికి కొలిచినట్టు ఆపాడు. తొమ్మిదో నంబరుకు అడుగున్నర దూరం, తిన్నని దారి. పక్క బల్ల కుర్రాళ్లు కూడా ఆగి చూశారు. కొట్టాను. పాకెట్ రెండు దవడలకూ తగిలి బయటికొచ్చింది.

టేబుల్ డబ్బులు నేనే కట్టాను. బావ కిందికి దిగి స్కూటర్ తీస్తూ, "టీ తాగుదామా?" అన్నాడు.