వ్యాజస్తుతి ఎవరి మీద?

'ప్లాన్ నైన్ ఫ్రమ్ ఔటర్ స్పేస్' అనే అమెరికన్ సినిమాను ముందుగా నేనూ లోకంతో పాటు నోరారా పొగుడుతాను. 1956లో ఎడ్ వుడ్ తీసిన ఈ చిత్రరాజం కాలాన్ని జయించింది: ఒకే సన్నివేశంలో ఒక దృశ్యం పట్టపగలు, మరుక్షణం వచ్చే దృశ్యం చీకటి రాత్రి. స్థలాన్ని జయించింది: విమానం నడిపే గదికి తలుపు బదులు ఒక తెర చాలింది. చివరికి మృత్యువునే జయించింది. ప్రకటనల్లో పెద్దపేరుగా వేసిన నటుడు బేలా లుగోసి 1956 ఆగస్టులోనే చనిపోయాడు. అంతకు ముందు తీసిపెట్టుకున్న నాలుగు ముక్కల ఫిల్ముతో వుడ్ ఆయన్ని ఈ సినిమాలో నటింపజేశాడు. మిగతా సన్నివేశాల్లో వుడ్ భార్యకు కీళ్లు సర్దే వైద్యుడు టామ్ మేసన్, లుగోసి కన్నా పొడగరి, ముఖానికి నల్లటి పైవస్త్రం అడ్డం పెట్టుకుని లుగోసి అయిపోయాడు. పరకాయప్రవేశ విద్యను ఇంత చవగ్గా సాధించిన దర్శకుడు మరొకడు లేడు!

ఈ సినిమా అభిమానులు మాట్లాడే తీరు ఇదే. 1980లో మెడ్వెడ్ సోదరులు తమ 'గోల్డెన్ టర్కీ అవార్డ్స్' పుస్తకంలో దీనికి అత్యంత చెత్త చిత్రమనే బిరుదు ఇచ్చాక ఆ పొగడ్త ఊరూవాడా పాకింది. అలంకారశాస్త్రం చదువుకున్న వాళ్లకు ఇది కొత్త కాదు. పైకి స్తుతి, లోపల నింద. లేదా పైకి నింద, లోపల స్తుతి. దీన్ని వ్యాజస్తుతి అంటాం. కాసుల పురుషోత్తమ కవి 'ఆంధ్రనాయక శతకం'లో సాక్షాత్తు దేవుణ్ణే దెప్పిపొడిచాడు. అక్కడ మాట అనేవాడు కింద ఉన్నాడు, అనిపించుకునేవాడు గుడిలో పైన ఉన్నాడు. అలంకారం పేరు గుర్తుపట్టినంత మాత్రాన విమర్శ పూర్తి కాదు. ఎవరు ఎవర్ని అంటున్నారో కూడా చూడాలి.

వుడ్ సినిమాకు అయిన ఖర్చు సుమారు 60,000 డాలర్లని చెబుతారు. పెట్టుబడి పెట్టింది బాప్టిస్టు చర్చికి చెందిన వాళ్లు. వాళ్ల ఒత్తిడి మీద సినిమా పేరులోంచి సమాధి దొంగలు పోయారు. నటుల్లో కొందరు బాప్తిస్మం కూడా తీసుకున్నారు. అట్టతో చేసిన సమాధిరాయి ఊగితే అది డబ్బు లేక వచ్చిన లోపం. సంభాషణ చచ్చుగా ఉంటే అది రచయిత లోపం, దానికి పేదరికం సాకు కాదు. కోటి డాలర్లిచ్చినా వుడ్ గొప్ప సినిమా తీసేవాడని నేననను. కానీ ఎగతాళి ఈ రెండు లోపాలనూ ఒకే గాట కట్టేస్తుంది. వాటిని విడదీసి చూపించడం విమర్శకుడి పని.

వస్తువు సంగతి చూద్దాం. టపాకాయతో మొదలుపెట్టిన మనుషులు చేతిబాంబు, అణుబాంబు, హైడ్రోజన్ బాంబు దాకా వచ్చారనీ, ఇక సూర్యకాంతినే పేల్చేసే బాంబు చేసి విశ్వాన్ని నాశనం చేస్తారనీ ఇందులో గ్రహాంతరవాసి మందలిస్తాడు. అమెరికా 1952లో హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. నాలుగేళ్లకే ఆ మాట తెర మీద అనిపించిన సినిమా ఇది. అదే గ్రహాంతరవాసి ఆడవాళ్లు ఉన్నది సంతతిని పెంచడానికేనని కూడా అంటాడు. మొదటి మాటను మెచ్చుకోవాలి, రెండోదాన్ని ఖండించాలి. పగలబడి నవ్వేవాడు ఈ రెండూ చేయడు.

వుడ్ 1978 డిసెంబరులో, అద్దె ఇల్లు ఖాళీ చేయించిన కొద్ది రోజులకే, 54 ఏళ్ల వయసులో చనిపోయాడు. బిరుదు వచ్చింది ఆ తర్వాతే. 1994లో టిమ్ బర్టన్ అతని మీద సుమారు 1 కోటి 80 లక్షల డాలర్లతో సినిమా తీశాడు. అందులో లుగోసి పాత్రకు మార్టిన్ లాండోకు ఆస్కార్ వచ్చింది. బర్టన్ చూపులో ఆదరం ఉంది, కాదనను. కానీ వుడ్ దరిద్రాన్ని చూపించడానికి అయిన ఖర్చు, ఆ దరిద్రంలో వుడ్ పెట్టిన ఖర్చుకు మూడువందల రెట్లు!

తెలుగులో 2014లో వచ్చిన 'హృదయ కాలేయం' తీరు వేరు. స్టీవెన్ శంకర్ పేరుతో సాయి రాజేశ్ తీసిన ఈ చిన్న సినిమా సంపూర్ణేశ్ బాబుకు 'బర్నింగ్ స్టార్' అని బిరుదు తగిలించి, మన అగ్రనటుల బిరుదుల్నీ భుజకీర్తుల్నీ వెక్కిరించింది. అది పురుషోత్తమ కవి దారి. మాట పైకే వెళ్లింది. అయితే నాయక పూజను చూసి నవ్వినవాళ్లూ, అతని రూపాన్ని చూసి నవ్వినవాళ్లూ ఒకే హాల్లో కూర్చున్నారు. ఆ రెండు నవ్వులూ ఒకటి కావు.

రచయితలమైన మనకూ ఈ జబ్బు ఉంది. సొంత డబ్బుతో అచ్చేసుకున్న కొత్త కుర్రవాడి కవితల పుస్తకం చేతికొస్తే 'మహాకవి' అని పక్కవాడికి కన్నుగీటుతాం. పదవిలో ఉన్నవాడి పుస్తకం అంతకన్నా నాసిగా ఉన్నా అదే మాట వేదిక మీద గంభీరంగా అంటాం. ఆ కుర్రవాడికి కావలసింది ఏ పాదం ఎందుకు కుంటుతోందో చెప్పేవాడు.

మొదటి పేరాలో నేను చేసిన పొగడ్తకు అరగంట పట్టలేదు, ధైర్యం అసలే అక్కర్లేదు. అలాంటి పేరానే ఒక వందకోట్ల సినిమా మీదో, మనకు సన్మానం చేయగల పెద్దమనిషి గ్రంథం మీదో రాసి, కింద సంతకం పెట్టి అచ్చుకు పంపండి. వ్యాజస్తుతి ఎంత కష్టమైన అలంకారమో అప్పుడు తెలుస్తుంది.