కార్బ్యురేటరు వైపు తిరుగుబాట: ఒక విమర్శ

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు సమీపముననే ఉన్న చౌమహల్లా ప్రాసాదములో నిజాముల కాలపు మోటారుబండ్లు ప్రదర్శనకు ఉంచబడినవి. వానిలో అందరి చూపును ఆకర్షించునది 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కోరికపై దానిని తయారు చేసిరి. ఆయన 1911లోనే మరణించుటచే అందులో తిరిగే భాగ్యము ఆయనకు కలుగలేదు. ఆరు సిలిండర్ల ఆ ఇంజనును చల్లబరచునది నీరు. దానికి పెట్రోలును అందించునది కార్బ్యురేటరు. ఎవరైనా నేడు ఆ కార్బ్యురేటరును ఊడదీసి, పెట్రోలును పిచికారీ చేసే నవీన పరికరమును బిగింపబోయినచో చూచినవారందరు అది అపచారమని అడ్డుపడుదురు.

మరి ఇంజెక్షనుతోనే పుట్టిన పాత బండినుండి దానిని తొలగించి కార్బ్యురేటర్లు బిగించినప్పుడు అదే మాట ఏల వినరాదు? జర్మనీలో తయారైన పోర్షె 911 అను గాలితో చల్లబడే పందెపు తరహా కారు విషయములో ఈ పని అనేక దేశములలో జరుగుచున్నది. దీనికి దగ్గరి ఉదాహరణము మన వీధులలోనే కలదు. గాలితో చల్లబడే బులెట్ తరగతి మోటారుసైకిళ్ళలో 2009లో వచ్చిన క్లాసిక్ 500కు ఇంజెక్షనును అమర్చిరి. క్లాసిక్ 350 మాత్రము 2020 వరకు కార్బ్యురేటరుతోనే నడిచినది. 500 బండికి కూడ కార్బ్యురేటరు పెట్టించుకొనువారు కలరు. ఈ మార్పును సమర్థించువారు మూడు మాటలు చెప్పుదురు: అది అసలు రూపము, దానివలన శక్తి పెరుగును, అది సులభమైన యంత్రము. ఈ మూడింటిని ఒక్కొక్కటిగా పరీక్షింపవలసి ఉన్నది.

మొదటిది అసలు రూపమను మాట. 1963లో లోకమునకు చూపబడిన పోర్షె 911కు మొదట సోలెక్స్ కార్బ్యురేటర్లు, కొలదికాలమునకే వెబర్ కార్బ్యురేటర్లు ఉండెను. కాని 1969 నమూనానుండి అందులో ఇ, ఎస్ అను రకములకు బాష్ సంస్థవారి యాంత్రిక ఇంజెక్షను పంపు వచ్చినది. టి అను చవుక రకమునకు మాత్రమే కార్బ్యురేటర్లు మిగిలినవి. కనుక ఆనాటి ఎస్ రకపు కారుకు కార్బ్యురేటరు బిగించుట దానిని పూర్వస్థితికి తెచ్చుట కాదు. అది ఎన్నడును ఎరుగని స్థితిని దానికి కల్పించుట. పాతదనము వేరు, అసలుదనము వేరు. చరిత్ర విద్యార్థికి ఎంత అవసరమో, విజ్ఞానశాస్త్ర విద్యార్థికి కూడ ఈ భేదము అంత అవసరము.

రెండవది శక్తి. దీనిని తేల్చుటకు కార్బ్యురేటరు పనిచేయు విధము తెలియవలెను. దోమల మందు కొట్టే చేతిపంపును అందరు చూచియుందురు. గొట్టము కొనమీదుగా గాలి వడిగా పోవునప్పుడు అక్కడ పీడనము తగ్గి, డబ్బాలోని మందు పైకి లేచి తుంపరలుగా చెదరును. కార్బ్యురేటరు ఇంతకంటె వేరు కాదు. ఇంజను పీల్చు గాలి ఒక ఇరుకైన కంఠమునుండి పోవును. అక్కడ తగ్గిన పీడనమువలన పెట్రోలు సన్నని రంధ్రము ద్వారా వెలువడును. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. ఈ నిష్పత్తిని కాపాడుటయే దాని బాధ్యత.

అయితే ఆ కంఠమునకు గాలి బరువు తెలియదు. ఒకే పీడనభేదమునకు లోపలికి పోవు గాలి ద్రవ్యరాశి, గాలి సాంద్రత యొక్క వర్గమూలమును అనుసరించి మారును. పెట్రోలు మాత్రము దాదాపు మునుపటివలెనే వచ్చుచుండును. హైదరాబాదులో చలికాలపు ఉదయమున 12 డిగ్రీల సెల్సియస్ ఉన్నదనుకొనుడు. అది పరమమానములో 285. వేసవి మధ్యాహ్నమున 42 డిగ్రీలు, అనగా 315. పీడనము మారనిచో సాంద్రతల నిష్పత్తి 285/315, అనగా సుమారు 0.905, దాని వర్గమూలము 0.951. చలిలో 14.7గా సరిచేసిన నిష్పత్తి ఎండలో సుమారు 14.0కు దిగిపోవును. గాలి చాలనందున కొంత కార్బను పూర్తిగా మండక కార్బను మోనాక్సైడుగా బయటపడును. చౌమహల్లా చుట్టునుగల ఇరుకు సందులలో ఆ వాయువును పీల్చువాడు బండి యజమాని కాడు, దారిన పోవు బడిపిల్లవాడు.

ఇంజెక్షను అను ఒకే పేరుతో వేరువేరు యంత్రములు చెలామణి అగుచున్నవని విమర్శకులు మరువరాదు. 1969 నాటి పంపు గాలిని కొలువనే కొలువదు. ఇంజను వేగమును, థ్రాటిల్ తెరచిన కోణమును బట్టి, వింత ఆకారముగల ఒక ఉక్కు క్యామ్ ద్వారా పెట్రోలును నిర్ణయించును. వాతావరణ పీడనమునకు తగినట్లు సరిచేయు ఏర్పాటు కూడ దానికి కలదు. 1974 నుండి 1983 వరకు ప్రధానముగా వాడిన పద్ధతిలో గాలి ప్రవాహము ఒక పళ్ళెమును పైకెత్తును. ఎత్తిన మేరకు పెట్రోలు పోవును. సాంద్రత మారినప్పుడు ఇది కూడ కొంత పొరబడును. ఉష్ణోగ్రతను, గాలిని పసిగట్టి లెక్కవేయు ఎలెక్ట్రానిక్ పద్ధతి 1984 నమూనాతో వచ్చినది. కనుక ఇంజెక్షనంతయు దోషరహితమని చెప్పుట కూడ అతిశయోక్తియే.

పళ్ళెపు పద్ధతికి మరియొక లోపము కలదు. పందెములకు తగిన తీవ్రమైన క్యామ్ షాఫ్టును బిగించినచో లోపలి గాలి తరంగములవలె ఊగి, పళ్ళెము అదరును, కొలత తప్పును. అటువంటి ఇంజనుకు కార్బ్యురేటర్లు నిజముగానే మేలు చేయును. కాని క్యామ్, పిస్టన్లు, కార్బ్యురేటరు మూటిని ఒకేసారి మార్చి, పెరిగిన శక్తినంతయు కార్బ్యురేటరు ఖాతాలో వేయుట న్యాయము కాదు. అరిగిపోయిన పాత పంపును కొత్త కార్బ్యురేటరుతో పోల్చుట కూడ అట్టిదే. ప్రయోగములో ఒక్కసారికి ఒక్క అంశమునే మార్చవలెనని ఉన్నత పాఠశాలలో నేర్పెడు సూత్రము ఇక్కడ మరుగున పడుచున్నది.

మూడవది సౌలభ్యము. ఇందులో సత్యము లేకపోలేదు. స్క్రూడ్రైవరుతో, చెవితో, పొగరంగుతో కార్బ్యురేటరును సరిచేయు మెకానిక్ విద్య గౌరవింపదగినది. యాంత్రిక పంపును బాగుచేయుట ఖర్చుతో కూడిన పని. దానికి తగిన నిపుణులు అరుదు. కాని పోర్షెకు బిగించు రెండు కార్బ్యురేటర్లలో ఆరు కంఠములుండును; ఆరింటిని సమముగా నిలుపవలెను. గాలితో చల్లబడే ఇంజనులో మిశ్రమము పలుచనైనచో వేడి పెరిగి పిస్టనుకే ముప్పు. ఆ భయముతో మిశ్రమమును చిక్కగా ఉంచినచో ప్లగ్గులకు మసి పట్టును, సిలిండరు గోడపై నూనెపొర కడిగివేయబడును. సులభమైన యంత్రమునకు సులభము కాని జాగ్రత్త కావలెను. రోడ్డుపై తిరుగు బండ్ల విషయములో చట్టము కూడ కలదు: తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను చెప్పుచున్నది.

ఈ విచారణవలన తేలునది ఏమి? పందెపు బాటకు సిద్ధము చేసిన ఇంజనుకు, భాగములు దొరకక మూలబడిన బండికి కార్బ్యురేటరు ఉపాయమే. కాని దానిని ఉపాయమనియే పిలువవలెను, పునరుద్ధరణమని కాదు. తీసిన పంపును, గొట్టములను పాత ఇనుముగా అమ్మివేయక భద్రపరచవలెను. అప్పుడు రేపటి తరము వెనుకకు మరలుటకు దారి మిగులును. వేగమును, కోణమును ఒకే ఉక్కుముక్కలో గణితముగా మలచిన ఆ క్యామ్, చౌమహల్లాలోని పసుపుపచ్చని బండికి తీసిపోని మానవ మేధాఫలము. ఒక తరము కార్బ్యురేటరుతోను, మరియొక తరము ఇంజెక్షనుతోను ఆలోచించినవి. ఆ రెండు ఆలోచనలను వాని వాని స్థానములలో నిలిపి చూపగలిగినప్పుడే పాత యంత్రము పాఠముగా పనికివచ్చును.