పడావు పోడు ఎవరి లెక్కలో?

ఏజెన్సీ ఊళ్లలో పటం గీసేటప్పుడు నేను మొదట కాగితం తియ్యను. వాకిట్లో ముగ్గుపిండితో వాగు గీయమంటాను. వాగు పడితే చాలు, తునికాకు కల్లం, పాత ఊరు, ఇప్పచెట్లు అన్నీ దాని వెంటే వస్తాయి. మగవాళ్లు పోడు గట్లు గీస్తారు. ఏ మలుపులో ఏ దుంప దొరుకుతుందో ఆడవాళ్లు వచ్చి పెడతారు. వాళ్లు రాకముందు పటం సగమే.

సర్కారు పటాల దారి వేరు. 1819లో జార్జ్ ఎవరెస్ట్ త్రికోణ సర్వే కోసం కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లోకి దిగి, జ్వరపడి, కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా వెళ్లాడు. ఆ సర్వేకు కావలసింది ఒక కొండ మీంచి మరో కొండ కనబడటం. కొండల కింద ఎవరున్నారన్నది దాని పని కాదు. తర్వాత హద్దులు గీసినవాళ్లకూ ఆ పని పట్టలేదు. భద్రాచలం ప్రాంతాన్ని నిజాం 1860లో ఇంగ్లీషువాళ్లకిచ్చాడు. 1874లో అది గోదావరి జిల్లాలో, 1959లో ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరుతో మండలాలు ఆంధ్రకు పోయాయి. భద్రాచలం తెలంగాణ, దాన్ని ఆనుకున్న ఎటపాక ఆంధ్ర. మనుషులు కదల్లేదు, దస్త్రాలు మాత్రం చెదిరిపోయాయి. భూమి హక్కు రుజువుకు తాత పేరు వెతకాలంటే గోదావరికి ఇటు ఒడ్డు ఊరికి 1954-55 ఖాస్రా పహాణీ, అటు ఒడ్డు ఊరికి మద్రాసు కాలపు కాగితాలు. చాలామంది తాతల పేర్లు రెంటిలోనూ ఉండవు.

కోయలకు తమ దస్త్రం లేదా? ఉంది. పడిగె గుడ్డ మీద గట్టు గట్టుకూ, అంటే గోత్ర గోత్రానికీ, బొమ్మలుంటాయి, డోలి కోయలు వాటి కథ పాడి చెబుతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ పాటకే 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. ఒక పెద్ద గాయకుడు పోతే ఎన్ని ఊళ్ల పుట్టుక ఆయనతో పోతుందో తలచుకుంటే నాకు గుబులు పుడుతుంది.

2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడ గట్టి మేలే చేసింది. దాని నియమాల ప్రకారం పెద్దల వాంగ్మూలం సాక్ష్యం. పాత బావి, శ్మశానం, పూజాస్థలం సాక్ష్యాలు. 2012 సవరణ మరో మాట స్పష్టం చేసింది: ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు కావచ్చు గానీ వాటి స్థానంలో నిలబడదు. ఇది ఎందుకంత ముఖ్యమో పోడు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నాలుగేళ్లు దున్ని పడావు పెట్టిన చేనులో చెట్లు లేస్తాయి. ఆ ఏడాది పైనుంచి తీసిన బొమ్మలో అది అడవే. కింద నిలబడ్డ అవ్వకు అది తన మామ కొట్టిన పోడు. 2005 డిసెంబరు 13 నాటికి భూమి చేతిలో ఉందా అని అడిగే చట్టం ముందు ఈ రెండు చూపుల తేడాతోనే ఒక కుటుంబం భూమి పోతుంది. కెనడాలో గిట్‌క్సన్, వెట్‌సువెటెన్ ప్రజల కేసులో అక్కడి సుప్రీంకోర్టు 1997లో నోటిమాటగా వచ్చిన చరిత్రను కాగితంతో సమానంగా తూచాలంది. మన నియమాల్లోనూ ఆ దారి ఉంది. ఆ దారిన నడిచే అధికారులు కావాలి.

ఈ ఊళ్ల పక్కనే ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయల గూడేలున్నాయి. వాటి మాట వచ్చేసరికి పక్క ఊరి పటం కూడా తడబడుతుంది. వాళ్ల ఇళ్లు గీయాలా వద్దా అని పంచాయితీలు పడ్డాయి. గీయాలనే నా పట్టు.

వేల్పు చోటు సంగతి మాత్రం నేను ఊరివాళ్లకే వదిలేస్తాను. హక్కు దరఖాస్తుకు పూజాస్థలం బలమైన రుజువే. కానీ జీపీఎస్ పాయింటు ఒకసారి కాగితమెక్కితే ఎవరి చేతుల్లోకైనా పోతుంది. “సారూ, అది పెట్టొద్దు” అని పెద్దలు అన్నచోట పాయింటు పెట్టం. ఈ హద్దుల్లో మా వేల్పు ఉందని వాంగ్మూలంలో రాయించి, పెద్దల వేలిముద్రలు తీసుకుంటాం. పటం మూలప్రతి గ్రామసభ పెట్టెలో ఉంటుంది. ఆఫీసుకు వెళ్లేది నకలే.