రెండు పట్టీల సరసం

ఒక చిన్న గొట్టం. లోపల ఎదురెదురుగా రెండు పల్చటి ప్లాస్టిక్ పట్టీలు. బీజింగ్‌లో యా యాంగ్ బృందం 2020లో ప్రకటించిన గాలి జనరేటరు చూపుకు ఇంతే. రెక్కల్లేవు, ఇరుసు లేదు, అయస్కాంతమూ లేదు. సెకనుకు 1.6 మీటర్ల పిల్లగాలి దూరితే చాలు, పట్టీలు ఆడటం మొదలెడతాయి. నడుస్తూ చెయ్యి ఊపితే పుట్టే గాలీ సరిపోతుందని చేసి చూపించారు. పెద్ద గాలిమరలైతే సెకనుకు మూడు నాలుగు మీటర్లు దాటితే గాని కరెంటివ్వవు.

ఆ ఆట చూడాలి. గాలి పట్టీల నడుమ నుంచి దూసుకుపోతుంటే అక్కడ పీడనం పడిపోతుంది. పట్టీలు ఒకదానివైపొకటి వంగి తాకుతాయి. తాకగానే వాటి బిగువు వెనక్కి లాగుతుంది. మళ్లీ గాలి, మళ్లీ తాకిడి. తాకినప్పుడల్లా ఒకదాని ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదాని మీదికి చేరతాయి. విడిపోయాక వెనక్కి రాలేవు, ప్లాస్టిక్ కదలనివ్వదు. పట్టీల వెనకనున్న లోహపు పూతకు మాత్రం ఆ ఎడబాటు తెలిసిపోతుంది. పట్టీలు దూరమవుతుంటే బయటి తీగలో ఎలక్ట్రాన్లు ఒకవైపు పరుగెడతాయి, దగ్గరవుతుంటే తిరుగుముఖం పడతాయి.

నాకు ఒళ్లు పులకరించేది ఇక్కడే. పట్టీలు అంటుకునే ఉంటే కరెంటు లేదు. విడిపోయి అలాగే ఉండిపోయినా లేదు. దూరం మారుతున్నంతసేపే ప్రవాహం. మన ఆలంకారికులు శృంగారాన్ని కలిసుంటే సంభోగమనీ, ఎడబాటైతే విప్రలంభమనీ విడదీశారు. ఈ యంత్రం ఆ రెండింటి మధ్య దారిలోనే కాపురం పెట్టింది.

ఎంచుకున్న సరుకు చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. రెండూ ఇంజనీర్లు పళ్లు నూరే పీడలే. రాపిడితో పుట్టే స్థిర విద్యుత్తు చిప్‌లను కాల్చేస్తుందని ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో పనివాళ్ల మణికట్టుకు ఎర్తు పట్టీ కడతారు. ఇక గాలికి ఊగడమంటే వంతెనలు కట్టేవాళ్లకు హడల్. 1940 నవంబరులో అమెరికాలోని టకోమా నారోస్ వంతెన గంటకు 64 కిలోమీటర్ల గాలికి మెలికలు తిరిగి కూలింది. రాపిడిని పనిలో పెట్టే ఈ జాతి జనరేటర్లకు 2012లో జార్జియా టెక్‌లో ఝాంగ్ లిన్ వాంగ్ బృందం శ్రీకారం చుట్టింది. ఆ రాపిడికి గాలి ఊపును జతచేయడంలో గడుసుదనం ఉంది.

పిల్లగాలి పేదది, ఆ సంగతీ చెప్పుకోవాలి. గాలిలోని శక్తి వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. వేగం 8 మీటర్ల నుంచి 1.6కి పడితే శక్తి 125వ వంతుకు పడిపోతుంది, అంటే చదరపు మీటరుకు రెండున్నర వాట్లు. అందులోనూ పట్టీలు ఒడిసిపట్టేది నూటికి మూడు పైచిలుకే. ఇల్లు వెలిగించమంటే నవ్వుతుంది.

నూరు ఎల్ఈడీలు వెలిగించి చూపారు గానీ అది సభారంజకం. నాకు నచ్చింది ఉష్ణోగ్రత సెన్సరు నడపడం. చిల్లర కరెంటు కెపాసిటర్లో పోగవుతుంది, సరిపడా కూడాక సెన్సరు ఒక కొలత తీసుకుంటుంది. బ్యాటరీ మార్చడానికి ఎవరూ ఎక్కలేని చోట ఇది వరం. ఏ వంతెన అడుగునో బిగిస్తే మరీ బాగు, పాత పగ తీరుతుంది.

రచనలో ఒక్క యతిభంగం ఉంది. తేమ. గాలిలో చెమ్మ పెరిగితే పట్టీల మీది విద్యుదావేశం జారిపోతుంది. మూత పెట్టి కాపాడదామంటే గాలి లోపలికి రావాలాయె. మన కోస్తా ఉక్కపోతలో నిలవాలంటే ఆ గొట్టాన్ని ఇంకోసారి తిరగరాయాల్సిందే.